తెల్లగుడ్డ లెక్క

మీటరు పొడవు, మీటరు వెడల్పు
తెల్లటి ఫ్లానెల్ గుడ్డ.
ఒక అంచుకి కర్ర, కర్రకి తాడు,
తాడు నా నడుముకి.
మే నెల వస్తే చాలు,
క్రకొనోషె కొండవాలు మీద
గడ్డిని తుడుచుకుంటూ నడుస్తాను.
పది అడుగులకోసారి ఆగి, గుడ్డ తిరగేసి
మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతాను.
గసగసంత ఉంటే పిల్ల పిడుదు,
నువ్వుగింజంత ఉంటే పెద్దది.
మా ఇళ్ళలో గసగసాలతో కేకు చేస్తారు.
మే నెలలో నేను ముట్టను.

వ్రాతిస్లావ్ గారి పాత నోటుపుస్తకంలో
ఏడు వందల మీటర్ల దగ్గర గీత ఉంది,
ఎర్ర పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసింది.
దాని పైన ఏ పేజీ చూసినా
సున్న, సున్న, సున్న.
ఎంత గుండ్రంగా చుట్టేవాడో ఆ సున్నల్ని!
నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.
ఏమీ లేనిచోటికి ఎక్కడమెందుకు సార్ అంటే
"లేనిదాన్ని కూడా లెక్కపెట్టాలి, ద్రహొమీరా.
వచ్చిననాడు, నిన్నటిదాకా లేదని
ఎవరో ఒకరు చెప్పగలగాలి."

ఎనిమిది వందల యాభైలో మొదటిది దొరికితే
ఏ జింకో మోసుకొచ్చిందిలే అనుకున్నాం.
తొమ్మిది వందల యాభైలో
ఎవరి కుక్కో అన్నాం.
వెయ్యి దాటాక
ఎవరి మీదికీ నెట్టలేకపోయాం.

కాళ్ళు ఎనిమిదున్నా
పిడుదు కొండెక్కదు.
గడ్డిపరక కొసన ముందుకాళ్ళు చాచి
ఎవరో ఒకరు రాకపోతారా అని ఉంటుంది, అంతే.
ఎక్కించేది జింక, ఎలుక, పిట్ట.
అవి మా తాతల నాడూ ఎక్కించాయి.
పైన దించాక చలికి చచ్చేది.
ఇప్పుడు ఆ కాపలా చలి
మార్చిలోనే డ్యూటీ దిగిపోతోంది.

పదకొండు వందల యాభైలో హీనెక్ బస.
నాలుగు గదులు, ఆరు మేకలు.
తలుపు మీద వాళ్ళ తాత గీసిన మంచుగీతలు
గొళ్ళెం దాటి పైకి పోయాయి.
కొత్తవన్నీ
గడప దగ్గరే ఒకదానిమీదొకటి.
"నీ గుడ్డ ఇటు తేకు, గిరాకీ పోతుంది"
అని నవ్వుతూ
కాచని మేకపాల జున్ను
రై రొట్టె మీద దట్టంగా రాసి ఇచ్చేవాడు.
"ఈ ఎత్తులో పాలు కాచడమంటే
మంచుని కడుక్కు తినడమే."

పోయిన జూన్‌లో అతనికి జ్వరం.
నాలుగు రోజులకి తగ్గింది.
వారమంతా బాగానే తిరిగాడు, కంచె కట్టాడు.
మళ్ళీ వచ్చింది. ఈసారి తలలోకి.
వ్రఖ్లాబీ ఆసుపత్రిలో
చంకలు, చెవుల వెనక, మోకాళ్ళ మడతలు,
అంతా వెతికారు.
కాటు లేదు.
నాకు పాలు గుర్తొచ్చాయి.

పొదుగున ఉన్నా పిడుదుకి నెత్తురే కావాలంటారు.
నిజమే, పాలు ముట్టలేదది.
పాలల్లో తనది కొంచెం వదిలిపోయింది.
ఆరింట్లో లిష్కా అనే మేక నెత్తుట్లో జాడ దొరికింది.
దానికేమీ తెలియదు.
నా కోటు బొత్తాం నాకుతూ నిలబడింది.

ఆ జున్ను నేనూ తిన్నాను.
నాకు టీకా ఉంది, ఉద్యోగంతోపాటు వచ్చింది.
నువ్వూ వేయించుకో అని
ఒక్కసారి ఎందుకనలేదు హీనెక్‌తో?
గీతకి కింద ఉన్నవాళ్ళకి చెప్పమన్నారు.
చెప్పాం.
గీత చెరిపే రబ్బరు మాత్రం
నా జేబులోనే ఉంది.

సెప్టెంబరులో ఇంటికొచ్చాడు.
కుడిచెయ్యి భుజం దాకా లేవదు.
ఎడంచేత్తో పితుకుతాడు, పాలు కాస్తాడు.
అలవాటు లేక రోజూ పొంగిపోతాయి.
బస అంతా మాడు వాసన.
నన్ను చూసి "గుడ్డ తెచ్చావా?" అన్నాడు.

గడప నుంచి మేకల దొడ్డిదాకా ఈడ్చాను.
దీపం పట్టుకుని పక్కనే వంగాడు.
ఒక విత్తనం, రెండు ఎండుటాకులు, ఒక చీమ.
సున్న వేశాను.
గుండ్రంగా రాలేదు.
అతను చాలాసేపు చూశాడు దాన్ని.
"మళ్ళీ ఈడ్చు," అన్నాడు.